వెనక ఇరుసు కూత పెడితే: పాత కార్లలో డిఫరెన్షియల్ మోతను విడదీసి వినడం

గంటకు అరవై కిలోమీటర్ల దగ్గర సన్నని కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేస్తే తగ్గుతుంది, తొక్కితే మళ్లీ వస్తుంది. ఈ లక్షణం చెప్పగానే ఒకరు టైర్లంటారు, ఒకరు వీల్ బేరింగంటారు, ఒకరు క్రౌన్ పినియన్ సెట్టు మార్చాల్సిందే అంటారు, ఇంకొకరు చిక్కటి ఆయిల్ పోస్తే సర్దుకుంటుందంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వెనక సీటు కింద నుంచి వచ్చే ప్రతి మోతకూ "డిఫరెన్షియల్ సౌండు" అని ఒకే పేరు పెట్టడంలోనే చిక్కుంది. ఆ పేరు కింద అరడజను వేర్వేరు శబ్దాలున్నాయి. వాటి కారణాలు వేరు, ప్రమాదం వేరు, మందూ వేరు.

అదృష్టం ఏమిటంటే హౌసింగ్‌లో, అంటే ఇరుసు మధ్య గేర్లను మూసి ఉంచే డొల్లలో, ఒక్కో భాగం ఒక్కో వేగంతో తిరుగుతుంది, ఒక్కో సమయంలో బరువు మోస్తుంది. కాబట్టి మోత ఎంత సన్నగా ఉంది, ఎప్పుడు వస్తోంది అన్న రెండు విషయాలు పట్టుకుంటే మూత విప్పకుండానే సగం పైగా తేలిపోతుంది. ఇక్కడ తొందరపడితే నష్టం కూడా ఉంది. డిఫరెన్షియల్‌ను అనుమానంతో విప్పి మళ్లీ బిగిస్తే అంతకుముందు లేని మోత కొత్తగా పుట్టడం చాలా మామూలు.

లోపల ఏముంటుంది, కూత పెట్టేది ఏది

ఇంజన్ ముందుండి వెనక చక్రాలు లాగే పాత కార్లలో గేర్‌బాక్స్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక్కి వస్తుంది. దాని చివరనున్న ఫ్లాంజ్‌కు (షాఫ్టును బోల్టులతో బిగించే గుండ్రటి పళ్లేనికి) అవతల, హౌసింగ్ లోపల ఉండే చిన్న పళ్ల చక్రం పినియన్. అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్. ఈ జంట కారు పొడవునా వచ్చే తిప్పుడును అడ్డంగా చక్రాల వైపు మళ్లిస్తుంది, వేగం తగ్గించి బలం పెంచుతుంది. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే పినియన్ 4.1 చుట్లకు క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది.

క్రౌన్ బిగించిన కేజ్ లోపల ఇంకో నాలుగు చిన్న గేర్లుంటాయి: చక్రాల షాఫ్టులు దూరే సైడ్ గేర్లు రెండు, వాటి మధ్య ఒక అడ్డ పిన్ను మీద తిరిగే స్పైడర్ గేర్లు రెండు. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగనిచ్చేవి ఇవే. అసలు డిఫరెన్షియల్ అంటే ఈ నాలుగు గేర్లే. కారు తిన్నగా పోతున్నంతసేపూ ఇవి ఒకదాని మీద ఒకటి కదలవు, కేజ్‌తో పాటు ఒకే ముద్దగా తిరుగుతాయి. అంటే తిన్నటి రోడ్డు మీద కూత పెట్టేది చాలావరకు డిఫరెన్షియల్ కానే కాదు, దాని ఇంట్లో కాపురముండే క్రౌన్-పినియన్ జంట. పేరున్న పాపానికి నింద మాత్రం డిఫరెన్షియల్ మోస్తుంది.

ఇక బేరింగులు. పినియన్ షాఫ్ట్ మీద టేపర్ రోలర్ బేరింగులు, అంటే ఏటవాలుగా కూర్చున్న రోలర్లవి, రెండు: పళ్ల వైపు పెద్దది, ఫ్లాంజ్ వైపు చిన్నది. కేజ్‌కు రెండు పక్కలా చెరొకటి. చక్రాల దగ్గర చెరొకటి.

పినియన్ క్రౌన్ మధ్యరేఖకు సూటిగా కాకుండా కిందగా ఉండే అమరికను హైపాయిడ్ అంటారు. 1926లో ప్యాకార్డ్ కార్లలో వచ్చింది, తరవాతి దశాబ్దాల్లో వెనక చక్రాలు లాగే కార్లలో చాలావాటికి పాకింది. పళ్లు పెద్దవవుతాయి, షాఫ్ట్ కిందికి దిగి కారు నేల ఎత్తు తగ్గుతుంది, మోతా తగ్గుతుంది. కానీ ఇందులో పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, పొడవునా జారతాయి. ఆ జారుడు వల్లే దీనికి మామూలు ఆయిల్ పనికిరాదు. ఈ మాట మళ్లీ వస్తుంది.

ఒక లెక్క: గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఎవరి గొంతు ఎంత

ఒక పాత కారు తీసుకుందాం. టైరు చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు, నిష్పత్తి 41:10, నాలుగు సిలిండర్ల ఇంజన్. నాలుగో గేరు డైరెక్ట్, అంటే ఇంజన్ ఎంత తిరిగితే షాఫ్ట్ అంతే తిరుగుతుంది.

గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు. చక్రం నిమిషానికి 500 చుట్లు, సెకనుకు 8.3. క్రౌన్‌దీ, కేజ్ బేరింగులదీ, వీల్ బేరింగులదీ ఇదే వేగం. షాఫ్ట్, పినియన్, పినియన్ బేరింగులు దీనికి 4.1 రెట్లు: నిమిషానికి 2,050, సెకనుకు 34 చుట్లు. పినియన్ ఒక్కో చుట్టులో 10 పళ్లు క్రౌన్‌ను తాకుతాయి కనుక పళ్ల తాకిడి సెకనుకు దాదాపు 342 సార్లు.

సెకనుకు 342 అంటే చెవికి స్పష్టమైన స్వరం, పాడగలిగే స్వరం. క్రౌన్-పినియన్ మోత "కూత"గా వినబడేది అందుకే. వీల్ బేరింగో కేజ్ బేరింగో అరిగితే వచ్చేది స్వరం కాదు, దూరంగా విమానం పోతున్నట్టు ఒక గురగుర. పినియన్ బేరింగ్‌దీ గురగురే కానీ నాలుగు రెట్ల వేగం కనుక ఇంకా గరుగ్గా, కాస్త పై స్థాయిలో ఉంటుంది. క్రౌన్ మీద ఒక పన్ను విరిగితే సెకనుకు ఎనిమిది దెబ్బలు. నెమ్మదిగా పోతే వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు మొబైల్‌లో శబ్దం ఎన్ని హెర్ట్జ్ ఉందో గీతలుగా చూపే యాప్‌లు ఉచితంగానే దొరుకుతున్నాయి. పక్క సీట్లోని మనిషి దాన్ని పట్టుకుంటే చాలు. మన ఉదాహరణ కారులో 60 దగ్గర 342 చోట గీత లేచి, 80 దగ్గర 456కు జరిగితే అది పళ్ల తాకిడే, వాదన అక్కర్లేదు. స్పీడోమీటర్, టైరు కొలత అటూఇటూ ఉంటాయి కాబట్టి నాలుగైదు శాతం తేడా పట్టించుకోనక్కర్లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. నాలుగో గేరులో 2,050 చుట్ల దగ్గర అది సెకనుకు 68. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీది యూనివర్సల్ జాయింట్, అంటే వర్క్‌షాపుల్లో క్రాస్ అనేది, అరిగినా కోణం తప్పినా చుట్టుకు రెండుసార్లు అదురుతుంది. అదీ 68. డైరెక్ట్ గేరులో ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. 1.4 నిష్పత్తి ఉన్న మూడో గేరుకు దిగి అదే 60 దగ్గర నడిపితే ఇంజన్‌ది 96కు పోతుంది, క్రాస్‌ది 68 దగ్గరే ఉంటుంది. పళ్ల కూత 342 దగ్గర నుంచి కదలదు. గేరు మార్చినా రోడ్డు వేగం అంతే ఉంటే మారని స్వరం, గేర్‌బాక్స్‌కు వెనక ఉన్న దేనిదో.

తొక్కినప్పుడా, వదిలినప్పుడా, రెండూ కానప్పుడా

పళ్లకు రెండు ముఖాలు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక ముఖం బరువు మోస్తుంది, వదిలి ఇంజన్ బ్రేకు మీద దిగుతున్నప్పుడు రెండోది. కాబట్టి మోతను నాలుగు స్థితుల్లో వినాలి: గట్టిగా లాగుతున్నప్పుడు, ఒకే వేగంలో పోతున్నప్పుడు, ఇటు లాగకా అటు ఆపకా తేలుతున్నప్పుడు, పూర్తిగా వదిలినప్పుడు. నునుపైన, రద్దీ లేని రోడ్డు, మూసిన అద్దాలు, కనీసం పదిహేను కిలోమీటర్లు నడిచి వేడెక్కిన ఆయిల్ ఉండాలి. చల్లటి ఆయిల్ మోతను మింగేస్తుంది.

లాగేటప్పుడు మాత్రమే కూత ఉంటే పళ్ల డ్రైవ్ ముఖం అరిగిందో, పినియన్ లోతు తప్పిందో అయివుంటుంది. ఏళ్ల తరబడి నడిచిన బండిలో ఎక్కువగా కనబడేది ఇదే. మెల్లగా పెరుగుతుంది, పెరగకుండా ఆగిపోవడమూ ఉంది.

వదిలినప్పుడు మాత్రమే వస్తే ఆలోచన వేరు. లాగేటప్పుడు హైపాయిడ్ పినియన్‌ను క్రౌన్ బయటికి, ఫ్లాంజ్ వైపు నెడుతుంది. ఆ తోపును పళ్ల దగ్గరున్న పెద్ద బేరింగ్ మోస్తుంది. కాలు తీసేసరికి పినియన్ లోపలికి, క్రౌన్ వైపు గుంజుకుపోతుంది, ఆ తోపు ముందున్న చిన్న బేరింగ్ మీద పడుతుంది. ఆ బేరింగ్ అరిగినా నట్టు వదులైనా పినియన్ పిసరంత లోపలికి జరిగి పళ్లు తప్పుచోట తాకుతాయి. వదిలినప్పుడు కూత అనగానే అనుభవమున్న మెకానిక్ చెయ్యి మొదట ఫ్లాంజ్ మీదికి పోవడం ఇందుకే. ఫ్లాంజ్‌ను రెండు చేతులా పట్టి పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ ఊపితే కదలిక ఏమాత్రమూ తెలియకూడదు. చేతికి తెలిసిందంటే అది లోపమే. గుండ్రంగా తిరిగే ప్లే, అంటే వదులు, వేరే సంగతి, దాని గురించి తరవాత.

తేలుతున్నప్పుడు మాత్రమే గలగలమంటే పళ్ల మధ్య సందు ఎక్కువైందని. ఏ ముఖం మీదా బరువు లేక పన్ను అటూ ఇటూ తట్టుకుంటుంది. అన్ని స్థితుల్లోనూ ఒకేలా ఉండి వేగంతో పాటు పెరిగే గురగుర అయితే అది పళ్లది కాదు, బేరింగుది. కూత అలలు అలలుగా, చక్రం చుట్టుకొకసారి ఎక్కి దిగుతుంటే క్రౌన్ వంకరగా కూర్చుంది. దాని వెనకవైపు డయల్ గేజ్ (పిసరంత కదలికనూ ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి చూస్తే అది 0.05 మిల్లీమీటర్ దాటి ఊగకూడదు. మలుపుల్లో మాత్రమే వచ్చేది ఒక్కటే నిజంగా డిఫరెన్షియల్‌ది: స్పైడర్ గేర్లు, వాటి వాషర్లు, అడ్డ పిన్ను. ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపే లిమిటెడ్ స్లిప్ రకమైతే మలుపులో కటకటకు కారణం చాలాసార్లు దానికి కావలసిన ప్రత్యేక సంకలితం లేని ఆయిల్.

కూత 55 నుంచి 65 మధ్యే వచ్చి పైనా కిందా మాయమవుతుందంటే భయపడాల్సింది కొంత తక్కువ. పళ్ల స్వరం ఆ వేగంలో బాడీకో షాఫ్టుకో ఉన్న సహజ కంపనంతో కలుస్తోందని అర్థం. పళ్లు మునుపటిలాగే ఉండి, స్ప్రింగు బుష్షులు గట్టిపడటం వల్లో, ఎగ్జాస్ట్ పైపు ఇరుసుకో బాడీకో ఆనడం వల్లో మోతకు లోపలికి కొత్త దారి దొరికి ఉండవచ్చు. సైలెన్సర్ మార్చిన వారానికే "డిఫరెన్షియల్ పోయింది" అనిపించే కార్ల రహస్యం చాలావరకు ఇదే.

పళ్లు బాగున్నా పళ్ల కూత ఎందుకు వస్తుంది

అన్నిటికన్నా ఎక్కువమందిని తికమకపెట్టేది ఈ చోటు. మూత విప్పితే పళ్లు అద్దంలా మెరుస్తుంటాయి, కూత మాత్రం నిజం. కారణం ప్రీలోడ్.

టేపర్ బేరింగులు రెండూ ఎదురెదురుగా ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉండాలి. ఏ బరువూ లేనప్పుడు కూడా ఉండే ఆ నొక్కుడే ప్రీలోడ్. అది ఉన్నంతకాలం పినియన్ ముందుకూ వెనక్కూ జరగదు. రోలర్లు కొద్దిగా అరిగితే ఆ నొక్కుడు పోతుంది, పినియన్ బరువుకు తగ్గట్టు జరగడం మొదలవుతుంది, పళ్లు తాకే చోటు మారుతుంది. బేరింగ్ గురగురలాడే దశకు రాకముందే పళ్లు కూస్తాయి. అంటే కూత పళ్లదే, తప్పు బేరింగుది.

ప్రీలోడ్‌ను కొలిచేది నట్టు బిగువుతో కాదు, పినియన్‌ను తిప్పడానికి పట్టే బలంతో. కొత్త బేరింగులకు చాలా కార్ల పుస్తకాల్లో ఇది 1.5 నుంచి 3 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. నడిచిన బేరింగులకు సుమారు సగం. ఖచ్చితమైన అంకె ఆ కారు పుస్తకానిదే. కొలవడానికి సూదితో చూపే చిన్న టార్క్ రెంచి లేకపోతే ఫ్లాంజ్ చుట్టూ సన్నటి తాడు చుట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగవచ్చు. తాడు చుట్టిన చోట వ్యాసార్థం 5 సెంటీమీటర్లు, కావలసింది 2 న్యూటన్ మీటర్లు అయితే త్రాసు దాదాపు 4 కిలోలు చూపాలి. అదీ ఫ్లాంజ్ నిలకడగా తిరుగుతున్నప్పుడు. కదిలించే మొదటి గుంజు లెక్కలోకి రాదు.

చాలా ఇరుసుల్లో ఈ రెండు బేరింగుల మధ్య నలిగే స్లీవ్ ఒకటి ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది కొంచెం కొంచెం నలిగి ప్రీలోడ్‌ను నిలబెడుతుంది. దాన్ని నలపడానికి 200 న్యూటన్ మీటర్లకు పైగా బలం పట్టవచ్చు. ఒకసారి ఎక్కువ నలిగితే వెనక్కి రాదు. నట్టు వదులు చేసి సర్దుదామంటే ప్రీలోడ్ మొత్తం పోతుంది, కొత్త స్లీవ్ వేయాల్సిందే.

ఆయిల్ కారుతోందని పినియన్ సీల్ ఒక్కటి మార్చిన బండ్లు ఎన్నో తరవాత మోతకు దిగేది ఇక్కడే. నట్టును ఎయిర్ గన్‌తో ఊడదీసి, అదే గన్‌తో ఆగేదాకా బిగిస్తారు. స్లీవ్ అతిగా నలుగుతుంది, బేరింగులు ఊపిరాడకుండా బిగుసుకుంటాయి, కొన్ని వందల కిలోమీటర్లలోనే వేడెక్కి గురగుర మొదలవుతుంది. పద్ధతిగా చేసేవాళ్లు మొదట వెనక చక్రాలు, బ్రేకు డ్రమ్ములు తీసి ఫ్లాంజ్ తిరగడానికి ఎంత బలం పడుతోందో రాసుకుంటారు. నట్టుకూ షాఫ్టుకూ ఫ్లాంజ్‌కూ ఒకే వరసలో గుర్తు పెట్టి, బయటికి కనబడే మర పట్టీలు లెక్కపెట్టుకుంటారు. కొత్త సీల్ వేశాక మళ్లీ అదే అంకెకో, దానికన్నా పిసరంత ఎక్కువకో వచ్చేదాకా చేత్తో బిగించి ఆపుతారు.

డిఫరెన్షియల్‌ది కాని డిఫరెన్షియల్ మోత

ముందు అనుమానించాల్సింది టైర్లను. అరుగుదల ఎగుడుదిగుడైన టైరు అచ్చం బేరింగులా గురగురలాడుతుంది. అయితే తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే దాని గొంతు మారుతుంది. లోపలి గేర్లకు కింద ఏ రోడ్డు ఉందో తెలియదు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడిపితే మోతా చోటు మారుతుంది.

వీల్ బేరింగ్‌కు బరువు మారితే కోపం. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ మెల్లగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడివైపుది, తగ్గితే ఎడమవైపుది. కేజ్ బేరింగుదీ ఇదే వేగం కనుక చెవికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ స్టీరింగ్ తిప్పితే అంతగా మారదు, తొక్కినా వదిలినా కొద్దిగా మారుతుంది. అరిగిన వీల్ బేరింగును కేజ్ బేరింగు అనుకుని ఇరుసు మొత్తం విప్పడం మామూలు పొరపాటు.

గేర్‌బాక్స్‌ను వేరు చేయడం తేలిక. డైరెక్ట్ గేరులో బరువు గేర్ల గుండా పోకుండా తిన్నగా పోతుంది. మూడులో ఉండి నాలుగులో లేని మోత గేర్‌బాక్స్‌ది. న్యూట్రల్ పరీక్ష కూడా ఉంది: 70 దగ్గర గేరు తప్పించి, ఇంజన్ నడుస్తుండగానే బండిని దొర్లనిస్తే పళ్ల మీది బరువు దాదాపు పోతుంది. కూత మాయమైతే పళ్లు, గురగుర మిగిలితే బేరింగో టైరో. తాళం మాత్రం ముట్టుకోకూడదు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

ముందు చక్రాల కార్లలో ఇరుసు కూత అనేది వేరే కథ. అక్కడ డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే, అదే ఆయిల్‌లో ఉంటుంది. ఫైనల్ గేర్లు చాలా కార్లలో హైపాయిడ్ కాదు, ఏటవాలు పళ్లవి. పూర్తిగా తిప్పిన స్టీరింగ్‌తో పోతుంటే టకటకమనేది మాత్రం బయటి సి.వి. జాయింటు, అంటే చక్రం మలిగినా షాఫ్టు తిప్పుడును దానికి అందించే కీలు.

జాకీ మీద లేపి వినాలంటే రెండు వెనక చక్రాలూ లేవాలి, ఇరుసు కింద స్టాండ్లు ఉండాలి, ముందు చక్రాలకు దిమ్మలు పడాలి. ఒక్క చక్రమే లేపి గేరు వేస్తే నేల మీదున్న చక్రం ఎప్పుడైనా పట్టుకుని బండి దూకుతుంది. పట్టకపోయినా లేచిన చక్రం రెట్టింపు వేగంతో తిరిగి స్పైడర్ గేర్లను నలిపేస్తుంది. స్టాండ్ల మీద పళ్లకు బరువు ఉండదు కాబట్టి లాగేటప్పటి కూత అక్కడ వినబడకపోవచ్చు. అది పళ్లు బాగున్నాయనడానికి సాక్ష్యం కాదు. బేరింగులకైతే ఈ పరీక్ష బాగా పనికొస్తుంది: మెకానిక్ స్టెతస్కోపు కొసను పినియన్ బేరింగ్ చోట, కేజ్ బేరింగుల చోట, చక్రాల దగ్గర ఆనిస్తే ఏది గరగరమంటోందో విడివిడిగా తెలుస్తుంది.

టక్‌మనే దెబ్బ: అర మిల్లీమీటరుకూ ఎనిమిదికీ తేడా

గేరు వేసి క్లచ్ వదలగానే, లేదా కాలు తీసి మళ్లీ తొక్కగానే వెనక టక్‌మంటుంది. "క్రౌన్ పినియన్ ప్లే ఎక్కువైంది, బిగించాలి" అనడం ఆనవాయితీ. లెక్క వేసి చూస్తే ఈ మాట చాలాసార్లు నిలవదు.

క్రౌన్ పళ్లకూ పినియన్ పళ్లకూ మధ్య ఉండాల్సిన సందును బ్యాక్‌లాష్ అంటారు. సాధారణంగా ఇది 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్లు. క్రౌన్ వ్యాసార్థం 90 మిల్లీమీటర్లు, బ్యాక్‌లాష్ 0.20 అనుకుందాం. క్రౌన్ దగ్గర అది 0.13 డిగ్రీలు. పినియన్ దగ్గరికి వచ్చేసరికి 4.1 రెట్లయి అర డిగ్రీ. ఫ్లాంజ్ వ్యాసార్థం 50 మిల్లీమీటర్లయితే దాని అంచు దగ్గర కదలిక 0.45 మిల్లీమీటర్, అంటే అర మిల్లీమీటరు కూడా లేదు.

ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ బిగించి, ఫ్లాంజ్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పితే అంచు 8 మిల్లీమీటర్లు కదిలిందనుకుందాం. అది 9 డిగ్రీలకు పైనే. అందులో క్రౌన్-పినియన్ వాటా అర డిగ్రీ. బ్యాక్‌లాష్ రెట్టింపైనా ఒక డిగ్రీ. మిగతా ఎనిమిది డిగ్రీలు సైడ్ గేర్ల వెనక అరిగిన వాషర్లలో, స్పైడర్ గేర్లు కూర్చునే అడ్డ పిన్నులో, షాఫ్టుల చివరి పళ్లలో ఉన్నాయి. క్రౌన్‌ను పినియన్ దగ్గరికి జరిపితే ఆ టక్ పోదు. పైగా అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న పళ్లు కూయడం మొదలుపెడతాయి.

ఫ్లాంజ్ దాదాపు కదలకుండానే టక్ వస్తుంటే చూడాల్సింది ఇరుసు బయట: క్రాస్ బేరింగులు, షాఫ్ట్ జారే స్ప్లైను, గేర్‌బాక్స్ మౌంటింగు, లీఫ్ స్ప్రింగుల యు-బోల్టులు. వీటిలో ఏదైనా ఇరుసు విప్పడం కన్నా చిన్న పనే.

పాత ఆయిల్ చెప్పేదీ, కొత్త ఆయిల్ చేయలేనిదీ

డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య రాస్తే గరుకు తగలదు. గోరంచు లాంటి మెరిసే పొరలు దొరికితే పళ్ల మీదో రోలర్ల మీదో గట్టి పై పొర పెచ్చులూడుతోంది. అది ఆగే జబ్బు కాదు. రాగి రంగు తళుకు వాషర్లది, అవి కంచువైతే. పాలలా తెల్లబడితే నీరు చేరింది, తుప్పు గుంటలు పడిన బేరింగులు త్వరలోనే వినబడతాయి. ఇరుసు మీది గాలి గొట్టం మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీల్ కూడా కారుతుంది. సీల్ మార్చే ముందు ఆ గొట్టంలో ఊది చూడటం రెండు నిమిషాల పని.

హైపాయిడ్ పళ్లకు జారుడు వల్ల జి.ఎల్.-5 స్థాయి (గేరు ఆయిల్ ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో చెప్పే గుర్తు) ఆయిల్ కావాలి. అందులోని గంధకం, భాస్వరం సంకలితాలు లోహం మీద పొరలా ఏర్పడి పళ్లు అతుక్కోకుండా కాపాడతాయి. అదే ఆయిల్ పాత గేర్‌బాక్స్‌లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు మంచిది కాకపోవచ్చు, అందుకే వాటికి జి.ఎల్.-4 అడుగుతారు. మిగిలింది కదా అని గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఇరుసులో పోయడం నెలల తరవాత కూతగా బయటపడుతుంది. ప్యూజో 404 వంటి కొన్ని పాత కార్లలో ఉన్నది హైపాయిడ్ కాదు, వర్మ్ గేరు. వాటికి వాటి పుస్తకం చెప్పిన ఆయిలే.

చిక్కటి ఆయిల్ సంగతి: 80డబ్ల్యు-90 బదులు దానికన్నా చిక్కనైన 85డబ్ల్యు-140 పోస్తే గురగుర కొంత తగ్గుతుంది, నిజమే. పళ్ల కూతలో తేడా తక్కువ. అరిగిన ఇరుసుకు వేడి రోజుల్లో ఇది తప్పేమీ కాదని కొందరంటారు, చలిలో పినియన్ బేరింగులకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుందని ఇంకొందరు. రెండూ సరైన మాటలే. కానీ ఆయిల్ మార్చగానే మోత తగ్గిందని జబ్బు నయమైందనుకుంటే మోసపోయినట్టే. మోత దాచడానికి ఇరుసు ఆయిల్‌లో రంపపు పొట్టు కలిపి అమ్మేసిన పాత బండ్ల కథలు ఊరికే పుట్టలేదు. ఆయిల్ ఉండాల్సిన మట్టం ఫిల్లర్ రంధ్రం కింది అంచు. ఎంతో మంది మోత కోసం వెతికి చివరికి కనుక్కునేది ఆ మట్టం లేకపోవడమే.

విప్పాక పళ్ల మీది ముద్ర చదవడం

శుభ్రం చేసిన క్రౌన్ పళ్లు నాలుగైదింటికి, మూడు చోట్ల, పల్చగా మార్కింగ్ పేస్టు రాసి, క్రౌన్‌ను చేత్తో కాస్త అడ్డుకుంటూ పినియన్‌తో రెండు వైపులా తిప్పితే తాకిన చోట పేస్టు తొలగి ముద్ర పడుతుంది. పన్ను బయటి పెద్ద చివరను మడమ, లోపలి చిన్న చివరను బొటనవేలు అందాం.

ముద్ర పన్ను మధ్యలో, కాస్త బొటనవేలు వైపు ఒరిగి ఉంటే మంచిది. నిజమైన బరువు పడ్డప్పుడు అది మడమ వైపు జరుగుతుంది. పన్ను మొదట్లో లోతుగా పడితే పినియన్ మరీ దగ్గరగా ఉంది. పన్ను పై అంచున పడితే దూరంగా ఉంది. ఈ దూరాన్ని మార్చేది పినియన్ తల కింది షిమ్ము, అంటే సన్నటి రేకు వాషరు. 0.05 మిల్లీమీటర్ తేడాకే ముద్ర జరగడం కంటికి కనబడుతుంది. బ్యాక్‌లాష్‌ను సర్దేది క్రౌన్‌ను పక్కకు జరపడం: దగ్గరికి జరిపితే సందు తగ్గి ముద్ర బొటనవేలు వైపు, దూరం జరిపితే మడమ వైపు పోతుంది. ఒకటి మారిస్తే రెండోది కొంచెం మారుతుంది కనుక నాలుగైదు సార్లు విప్పి బిగించడం ఈ పనిలో మామూలు.

ఈ పాఠమంతా కొత్త పళ్లకు. నడిచిన పళ్ల విషయంలో పుస్తకం అంకెలే పట్టుకోవడం తప్పుదారి పట్టిస్తుంది. వేల కిలోమీటర్లు కలిసి తిరిగిన రెండు చక్రాలు ఒకదాని అరుగుదలకు ఒకటి అమరిపోయి ఉంటాయి. వాటి బ్యాక్‌లాష్ 0.30కి పెరిగి ఉంటే దాన్ని 0.15కు తేవాలనుకోవడం సహజం. తెస్తే అరగని చోటు అరిగిన చోటును తాకుతుంది, పేస్టు ముద్ర ముచ్చటగా ఉన్నా బండి కూస్తుంది. అందుకే విప్పకముందే నాలుగు చోట్ల బ్యాక్‌లాష్ కొలిచి, షిమ్ముల మందం, కేజ్ నట్ల స్థానం రాసుకుని, కొత్త బేరింగులు వేశాక ఆ పాత స్థానానికే తేవడం మేలు. ఈ నాలుగు అంకెలు రాసుకోకుండా విప్పిన ఇరుసును మళ్లీ నిశ్శబ్దంగా చేయడం దాదాపు అదృష్టం మీద ఆధారపడుతుంది.

వదిలేయడమా, బేరింగులు మాత్రమేనా, సెట్టు మార్చడమా

ఏళ్లుగా ఒకే స్థాయిలో ఉన్న కూతను ముట్టుకోవద్దనేవాళ్ల వాదనలో బలముంది. అరిగిన పళ్లు సైతం శుభ్రమైన ఆయిల్‌లో వేల కిలోమీటర్లు తిరుగుతాయి, కూత వాటి బలాన్ని తగ్గించదు. ఎదురు వాదన: కూత వెనక ప్రీలోడ్ పోయిన బేరింగ్ ఉంటే ఆలస్యం చేసినకొద్దీ మంచి పళ్లు కూడా పాడవుతాయి. ఈ రెండు వాదనలూ వేర్వేరు జబ్బుల గురించి మాట్లాడుతున్నాయి. ఫ్లాంజ్‌లో ముందువెనకల కదలిక లేదు, ఆయిల్‌లో పొరలు లేవు, కూత నెలల తరబడి పెరగలేదు అంటే మొదటివాళ్లు చెప్పింది సరి. వాటిలో ఒక్కటి తేడా వచ్చినా రెండోవాళ్లు చెప్పింది. గురగుర వారాల్లో పెరుగుతుంటే, పినియన్ సీల్ దగ్గర తడితో పాటు ఫ్లాంజ్ ఊగుతుంటే వాయిదా వేయకూడదు. పినియన్ బేరింగ్ పూర్తిగా పోతే ఇరుసు నడుస్తుండగానే బిగుసుకుని వెనక చక్రాలు పట్టేయవచ్చు.

బేరింగులు మాత్రమే మార్చి పాత పళ్లు ఉంచడం పళ్ల మీద గుంటలు, పెచ్చులు లేనప్పుడు న్యాయమే. గురగుర పోతుంది. కూత పోతుందన్న హామీ లేదు, ఈ మాట పని మొదలుపెట్టే ముందే చెప్పుకోవాలి. సెట్టు మార్చాల్సి వస్తే క్రౌన్, పినియన్ కలిపే మార్చాలి. రెండింటినీ ఫ్యాక్టరీలో జతగా రుద్ది, జత అంకె వేసి ఇస్తారు. ఒక బండిది క్రౌన్, ఇంకో బండిది పినియన్ కలిపితే పళ్ల లెక్క సరిపోయినా ఆ జంట జీవితమంతా కూస్తూనే ఉంటుంది. పాత బండి నుంచి తీసిన మొత్తం ఇరుసు దొరికితే విప్పకుండా అలాగే ఎక్కించడం చాలాసార్లు అన్నిటికన్నా నిశ్శబ్దమైన దారి. బిగించే ముందు నిష్పత్తి లెక్కపెట్టుకోవాలి: ఒక చక్రం కదలకుండా పట్టుకుని రెండోదాన్ని రెండు చుట్లు తిప్పితే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది, ఈలోగా ఫ్లాంజ్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. నాలుగు చుట్లు దాటి కొంచెం తిరిగితే 4.1 దగ్గర, నాలుగున్నర దాటితే స్పీడోమీటరూ ఇంజన్ వేగమూ రెండూ మారిపోతాయి.

కొత్త పళ్లు వేస్తే మొదటి ప్రయాణం పాతిక ముప్ఫై కిలోమీటర్లు, మితమైన వేగంతో, బరువు లాగకుండా. తరవాత ఇరుసు చల్లారేదాకా ఆపాలి. ఇలా రెండు మూడు సార్లు. పళ్ల మీది సూక్ష్మమైన గరుకు ఒకదాన్నొకటి అరగదీసుకునేటప్పుడు పుట్టే వేడి కొత్త ఆయిల్‌ను కూడా మాడ్చేయగలదు, పళ్లను మెత్తబరచగలదు. 800 కిలోమీటర్ల దగ్గర ఆ ఆయిల్ తీసేస్తే ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు మందంగా అంటుకుని కనబడుతుంది. ఈసారికి అది చూసి కంగారుపడక్కర్లేదు. రెండో మార్పులోనూ అంతే మందంగా ఉంటే అప్పుడు మళ్లీ డయల్ గేజ్ తీయాలి.